గాలికి నిలవాలి, కారుకు లొంగాలి: దీపస్తంభాల రూపకల్పనలో క్రాష్ సిమ్యులేషన్

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

రోడ్డు భద్రత గురించి మాట్లాడమంటే హెల్మెట్టు, సీటు బెల్టు, అతివేగం అనే మూడింటితో సభ ముగించడం మనకు అలవాటు. ఈ రోజు వాటి జోలికి పోను. అదుపు తప్పి రోడ్డు దిగిన కారుకు ఎదురయ్యే ఒకే ఒక వస్తువు గురించి, అంటే వీధి దీపం స్తంభం గురించి, దాన్ని కంప్యూటర్లో వందసార్లు గుద్దించి ఎలా మెరుగుపరుస్తారన్న దాని గురించి మాట్లాడతాను. డ్రైవరు నిద్రపోయాడా, టైరు పేలిందా అన్న విచారణ పోలీసులది. ఇంజనీరు ముందున్న ప్రశ్న వేరు. కారు ఎలాగూ రోడ్డు దిగింది. ఇక అక్కడ మనం నిలబెట్టిన ఇనుము లోపలి మనిషి ప్రాణం తీయాలా, దారి ఇవ్వాలా అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది 1960ల్లో అమెరికాలో. అప్పటిదాకా స్తంభం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనే భావన ఉండేది. జనరల్ మోటార్స్ సంస్థ మిల్ఫర్డ్ పరీక్షా మైదానంలో పనిచేసిన కెన్నెత్ స్టోనెక్స్ వంటి ఇంజనీర్లు రోడ్డు పక్కన నేలను చదును చేసి అడ్డంకులు తొలగిస్తే ప్రాణాలు దక్కుతాయని చూపించారు. కానీ దీపస్తంభాన్ని తొలగించలేం; వెలుగు కావాలి, ఆ వెలుగు రోడ్డుకు దగ్గరగానే ఉండాలి. అందుకని టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అదే దశాబ్దంలో కారు తగలగానే పునాది నుంచి ఊడిపోయే స్తంభాలకు రూపం ఇచ్చారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనే రకం ఇంజనీరింగు ఇక్కడ చెల్లదు; కర్ర విరిగి తీరాలి.

విరిగిపోయే స్తంభం చేయడం కష్టమేమీ కాదు. గాలికి విరగకుండా కారుకు మాత్రమే విరిగేది చేయడమే కష్టం. మన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల మూల గాలి వేగాన్ని, హైదరాబాదుకు 44 మీటర్లను నిర్దేశిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు స్తంభాలు ఎలా నేలకొరిగాయో ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెకనుకు 50 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు సుమారు 1500 న్యూటన్ల ఒత్తిడి ఉంటుంది. పది మీటర్ల ఎత్తు, సగటున 14 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి స్తంభం మీద ఇది మొత్తం రెండు కిలోన్యూటన్లకు అటూ ఇటూగా వస్తుంది. అది పెద్ద బలమేమీ కాదు. కానీ ఆ బలం సగటున అయిదు మీటర్ల ఎత్తున పనిచేస్తుంది కనుక అడుగున పది కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్ మూమెంట్, అంటే స్తంభాన్ని వంచే ప్రభావం, పుడుతుంది.

ఇప్పుడు కారు సంగతి చూడండి. బంపరు నేల నుంచి సుమారు అర మీటరు ఎత్తున ఉంటుంది. 1100 కిలోల కారు వేగాన్ని 50 మిల్లీసెకన్లలో సెకనుకు 3 మీటర్ల మేర తగ్గించాలంటే సగటున 66 కిలోన్యూటన్ల బలం కావాలి. అంటే గాలి చిన్న బలంతో పెద్ద మూమెంట్‌ను పుట్టిస్తే, కారు స్తంభం అడుగుకు దగ్గరగా పెద్ద షియర్‌ను, అంటే అడ్డంగా కోసే బలాన్ని, పుట్టిస్తుంది. ఈ తేడాయే మొత్తం రూపకల్పనకు ఆధారం. మూమెంట్‌కు బలంగా, షియర్‌కు బలహీనంగా ఉండే అతుకు ఒకటి దొరికితే పని అయిపోయినట్టే.

టెక్సస్ వారి స్లిప్ బేస్, అంటే జారే పీఠం, సరిగ్గా అదే. పునాదికి ఒక ఉక్కు పలక, స్తంభం అడుగున మరో ఉక్కు పలక ఉంటాయి; రెండింటినీ మూడు బోల్టులతో బిగిస్తారు. మామూలు బేస్ ప్లేటులో బోల్టుకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఇక్కడ రంధ్రానికి బదులు పలక అంచుకు తెరుచుకునే గాడి ఉంటుంది. గాలి వీచినప్పుడు ఒక పక్క బోల్టు లాగుడును, ఎదుటి పక్క పలకల మధ్య నొక్కుడును తట్టుకుని స్తంభం నిలబడుతుంది. కారు తగిలినప్పుడు పై పలక కింది పలక మీద జారి, బోల్టులు గాడుల్లోంచి బయటపడి, స్తంభం విడిపోతుంది. జారకుండా ఆపుతున్నది బిగింపు వల్ల కలిగే ఘర్షణ ఒక్కటే. పలకల మధ్య పలుచటి రేకు ఒకటి పెడతారు. గాలికి స్తంభం ఊగి ఊగి బోల్టులు మెల్లగా గాడిలోంచి బయటికి నడిచిపోకుండా ఆ రేకు పట్టుకుంటుంది, కారు గుద్దితే చిరిగిపోతుంది. ఇంకా సులభమైన మార్గాలూ ఉన్నాయి: పోత అల్యూమినియంతో చేసిన పెళుసు పెట్టెలాంటి పీఠం ఒకటి, మధ్యలో సన్నటి మెడ చెక్కిన ప్రత్యేకమైన బోల్టు కప్లింగులు మరొకటి.

ఇక్కడి నుంచి విషయం కాస్త ఎదురుతిరుగుతుంది. ఇలాంటి స్తంభానికి ఏ వేగంలో పరీక్ష కఠినమని విద్యార్థులను అడిగితే అందరూ 100 కిలోమీటర్లనే అంటారు. కానీ చాలా సందర్భాల్లో స్తంభాన్ని ఓడించేది 30 కిలోమీటర్ల పరీక్ష. అమెరికాలో ఈ పరీక్షల నియమావళిని మ్యాష్ అంటారు. అక్కడి రాష్ట్రాల రహదారి, రవాణా అధికారుల సంఘమైన ఆష్టో దాన్ని 2009లో తెచ్చింది, 2016లో రెండో కూర్పు వచ్చింది. దానికి ముందు అక్కడి జాతీయ రహదారి పరిశోధన కార్యక్రమం ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ వారి 1993 నాటి 350వ నివేదిక ఉండేది. మ్యాష్‌లో విడిపోయే స్తంభాలకు మూడు పరీక్షలున్నాయి: 1100 కిలోల చిన్న కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, అదే కారు 100 కిలోమీటర్లతో, 2270 కిలోల పికప్ ట్రక్కు 100 కిలోమీటర్లతో. సీటు బెల్టు లేని ప్రయాణికుడు ఒక స్వేచ్ఛా వస్తువులా ముందుకు 0.6 మీటర్లు కదిలి డాష్‌బోర్డును తాకే క్షణంలో కారుతో పోలిస్తే అతని వేగం ఎంత అన్నది లెక్క. అది సెకనుకు 3 మీటర్లకు లోపుంటే మేలు, 4.9 మీటర్లు దాటితే పరీక్ష పోయినట్టే.

ఈ లెక్క ఒకసారి చేతితో చేసి చూద్దాం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు కాగితం మీద చేయాల్సిన లెక్క ఇదే. 30 కిలోమీటర్ల వేగంలో 1100 కిలోల కారుకున్న గతిజశక్తి 38 కిలోజౌళ్లు. సెకనుకు 8.33 మీటర్ల నుంచి 5.33 మీటర్లకు తగ్గితే, అంటే 3 మీటర్ల తేడా వస్తే, దాదాపు 22 కిలోజౌళ్లు ఖర్చయినట్టు. కనుక స్తంభం విడిపోవడానికి, కారు ముందు భాగం నలగడానికి కలిపి మన చేతిలో ఉన్న మొత్తం బడ్జెట్టు అది. ఇదే 22 కిలోజౌళ్లను 100 కిలోమీటర్ల వేగంలో ఖర్చు పెడితే కారు వేగం తగ్గేది సెకనుకు ముప్పావు మీటరు మాత్రమే, ఎందుకంటే అక్కడ కారు దగ్గర 424 కిలోజౌళ్లు ఉన్నాయి. నెమ్మదిగా వచ్చిన కారుకే స్తంభం గోడలా అనిపిస్తుంది.

వేగం పెరిగినప్పుడు మరో సంగతి ముందుకు వస్తుంది. అది స్తంభం బరువు. విడిపోయిన స్తంభం గాలిలో తిరిగే కడ్డీ లాంటిది. ఒకే మందం ఉన్న కడ్డీని చివర కొడితే, కొట్టిన చోట దాని బరువులో నాలుగో వంతు మాత్రమే అడ్డుపడినట్టు ప్రవర్తిస్తుందని డైనమిక్స్ చెబుతుంది. 200 కిలోల స్తంభమైతే అది 50 కిలోలు; 100 కిలోమీటర్ల వేగంలో ద్రవ్యవేగ నియమం ప్రకారం కారు సెకనుకు 1.2 మీటర్లు కోల్పోతుంది. 450 కిలోల స్తంభమైతే అది రెండున్నర మీటర్లు దాటుతుంది. విడిపోవడానికి పట్టే శక్తిని ఇంకా కలపనే లేదు. పైకి పోయే కొద్దీ సన్నబడే స్తంభాల్లో బరువంతా కిందే ఉంటుంది కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. విడిపోయే స్తంభం బరువు, పైనున్న దీపంతో కలిపి, 450 కిలోలకు మించకూడదని ఆష్టో నిబంధనల్లో ఎందుకుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

మరి చేతి లెక్క ఇంత చెబుతుంటే కంప్యూటరు దేనికి? చేతి లెక్కలో కారు ఒక బరువు చుక్క. అసలు కారులో మెత్తటి ఫోమ్, దాని వెనక అడ్డకడ్డీ, అటూ ఇటూ రైళ్లు అనే రెండు పొడవాటి ఉక్కు దూలాలు, మధ్యలో రేడియేటరు, దాని వెనక ఇంజను ఉంటాయి. స్తంభం సన్నటిది. అది రెండు రైళ్ల మధ్య ఖాళీలోకి దిగితే అడ్డకడ్డీ విల్లులా వంగి, రేడియేటరు నలిగి, ఇంజను దాకా పోయిన తర్వాతే బలం గట్టిగా పెరుగుతుంది. స్తంభం సరిగ్గా రైలు ముందుకు వస్తే మొదటి పది, పదిహేను మిల్లీసెకన్లలోనే బలం ఎగసి పలక జారిపోతుంది. ఒకే స్తంభం, ఒకే కారు, ఒకే వేగం, పక్కకు అరడుగు జరిగితే ఫలితం వేరు. నిజమైన కారును ఒకసారే గుద్దగలం. అది ఖరీదైన పని, ఆ కారు మళ్లీ పనికిరాదు. కంప్యూటర్లో ఆ అరడుగును అంగుళం అంగుళంగా జరుపుతూ చూడవచ్చు.

ఈ పనికి ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ ఎల్‌ఎస్ డైనా పుట్టుక కాస్త విచిత్రమైనది. జాన్ హాల్‌క్విస్ట్ 1976లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో దాని మూలరూపమైన డైనా 3డీ రాశారు. తక్కువ ఎత్తు నుంచి వదిలిన అణుబాంబు నేలను తాకినప్పుడు దాని కవచం ఎలా నలుగుతుందో లెక్కించడమే అప్పటి అవసరం. ఆ బాంబు పథకం ఆగిపోయింది, కోడ్ మాత్రం మిగిలింది. 1978లో దాన్ని బయటి ప్రపంచానికి ఆంక్షలు లేకుండా విడుదల చేశారు. హాల్‌క్విస్ట్ 1987లో సొంత సంస్థ పెట్టారు, 2019లో దాన్ని ఆన్సిస్ కొనుగోలు చేసింది. బాంబు కోసం రాసిన సమీకరణాలే ఇప్పుడు దీపస్తంభం కింద బోల్టు ఎప్పుడు జారుతుందో చెబుతున్నాయి.

ఆ సమీకరణాలు నడిచే తీరు మాటల్లో చెప్పడం తేలికే. కారునూ స్తంభాన్నీ చిన్న చిన్న ముక్కలుగా విభజిస్తాం, వాటిని ఎలిమెంట్లంటాం. ప్రతి మూల మీద పనిచేసే బలాన్ని ద్రవ్యరాశితో భాగించి త్వరణం, దాన్నుంచి వేగం, దాన్నుంచి కొత్త స్థానం, కొత్త స్థానం నుంచి కొత్త బలం లెక్కిస్తాం. మళ్లీ మొదటికి. అయితే ఒక్కో అడుగులో కాలం ఎంత ముందుకు జరగవచ్చన్న దానికి హద్దు ఉంది. ఉక్కులో శబ్ద తరంగం సెకనుకు సుమారు 5000 మీటర్లు ప్రయాణిస్తుంది. అతి చిన్న ఎలిమెంటు 5 మిల్లీమీటర్లయితే తరంగం దాన్ని దాటడానికి ఒక మైక్రోసెకను పడుతుంది. అంతకన్నా పెద్ద అడుగు వేస్తే లెక్క చెదిరిపోతుంది. 150 మిల్లీసెకన్ల ప్రమాదానికి లక్షా యాభై వేల అడుగులు పడతాయి. అందుకే మెష్ చేసేవాడు, అంటే ఈ ఎలిమెంట్ల వల అల్లేవాడు, ఎక్కడో మూలన ఒక్క అర మిల్లీమీటరు ఎలిమెంటు వదిలేసినా మొత్తం రన్ పది రెట్లు ఆలస్యమవుతుంది. ఈ రంగంలో కొత్తగా చేరిన వారి సమయం చాలావరకు ఇలాంటి ఎలిమెంట్లను వెతకడంలోనే పోతుందని ముందే చెబుతున్నాను.

కారు కంప్యూటరు మోడల్‌ను మనమే చేసుకోనక్కరలేదు. అమెరికా ప్రభుత్వ నిధులతో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1992లో ఏర్పడిన జాతీయ క్రాష్ విశ్లేషణ కేంద్రం కార్లను కొని, విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, లోహపు ముక్కలను పరీక్షించి మోడళ్లు తయారుచేసింది. వాటిలో 2010 టయోటా యారిస్ మోడల్‌లో 15 లక్షలకు పైగా ఎలిమెంట్లున్నాయి. దాని బరువు మ్యాష్ చెప్పే 1100 కిలోల కారుకు సరిపోతుంది. ఆ తర్వాత ఈ పని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఈ మోడళ్లను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇక్కడ కూర్చున్న బీటెక్ విద్యార్థికి అడ్డంకి డబ్బు కాదు, ఓపిక.

కష్టమంతా ఆ మూడు బోల్టుల దగ్గరే ఉంది. 15 లక్షల ఎలిమెంట్ల కారు తయారుగా దొరికినా, ఫలితాన్ని నిర్ణయించేది పలకల మధ్య ఘర్షణ. ఒక్కో బోల్టులో 40 కిలోన్యూటన్ల బిగింపు, ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం; మూడు బోల్టులకు కలిపి జారుడును ఆపే బలం 36 కిలోన్యూటన్లు. అయితే బిగింపును ఎవరూ నేరుగా కొలవరు. పనివాడు టార్క్‌ను, అంటే మెలితిప్పే బలాన్ని, చూపే రెంచ్ పట్టుకుని 200 న్యూటన్ మీటర్లు వచ్చేదాకా తిప్పుతాడు. 25 మిల్లీమీటర్ల బోల్టు మర పొడిగా ఉంటే ఆ టార్క్‌కు సుమారు 40 కిలోన్యూటన్లు వస్తాయి. అదే మరకు గ్రీజు పూస్తే అదే టార్క్‌కు 60 కిలోన్యూటన్లు వస్తాయి. మంచి పని చేస్తున్నాననుకుని గ్రీజు పూసిన మనిషి స్తంభాన్ని ఒకటిన్నర రెట్లు మొండిగా మార్చేశాడన్నమాట. రెంచ్ లేక పొడవాటి గొట్టం తగిలించి బలమంతా పెట్టి బిగించినా అంతే. అటు తక్కువ బిగిస్తే గాలికే జారుతుంది. సిమ్యులేషన్‌లో బోల్టుకు ముందు బిగింపును ఇచ్చి, స్తంభం బరువును నింపాదిగా ఎక్కించి, అన్నీ కుదురుకున్నాక మాత్రమే కారును వదలాలి. తర్వాత బిగింపును, గుణకాన్ని పైకీ కిందికీ మారుస్తూ ఏ హద్దుల్లో స్తంభం ఒప్పుకుంటుందో పటం గీయాలి. నా దృష్టిలో ఈ రంగంలో సిమ్యులేషన్ చేసే అతి విలువైన పని ఇదే, ఎందుకంటే మైదానంలో జరిపే పరీక్షలో బోల్టులను శ్రద్ధగా, కాగితంలో రాసిన టార్క్‌కే బిగిస్తారు. రోడ్డు మీద ఎవరు ఎలా బిగిస్తారో ఆ పరీక్ష చెప్పదు.

పోత అల్యూమినియం పీఠాలది వేరే తలనొప్పి. ఉక్కు సాగుతుంది, పోత లోహం పగులుతుంది. పగులును చూపడానికి, సాగుడు ఒక హద్దు దాటిన ఎలిమెంటును సాఫ్ట్‌వేర్ తొలగిస్తుంది. చిక్కేమిటంటే ఆ హద్దు మెష్ సైజును బట్టి మారుతుంది. 3 మిల్లీమీటర్ల మెష్‌కు సరిపోయిన విలువ 6 మిల్లీమీటర్లకు సరిపోదు. ఉక్కుకైనా వేగపు ప్రభావం మరవకూడదు. మెత్తటి ఉక్కును సెకనుకు దాని పొడవుకు 40 రెట్ల చొప్పున సాగదీస్తే కౌపర్, సైమండ్స్ సూత్రం ప్రకారం దాని ఈల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు, రెట్టింపవుతుంది. నెమ్మదిగా లాగి చేసిన ప్రయోగశాల విలువను యథాతథంగా వేస్తే సన్నటి మెడ ఉన్న కప్లింగు తెరమీద అందంగా తెగుతుంది, రోడ్డు మీద తెగదు.

తెరమీది అందం గురించి ఒక మాట. రంగురంగుల వీడియో చూసి ఎవరూ మోసపోవద్దు. నేను ఎవరి రన్ అయినా చూసేటప్పుడు మొదట వీడియో కాదు, శక్తి గ్రాఫు అడుగుతాను. గతిజశక్తి తగ్గిన మేర నలుగుడు, ఘర్షణ రూపాల్లో పెరగాలి. మొత్తం గీత దాదాపు సమతలంగా ఉండాలి. లెక్క త్వరగా ముగించడానికి చాలా ఎలిమెంట్లలో ఒక్క మధ్య బిందువు దగ్గరే సాగుడును కొలుస్తారు. దాంతో నాలుగు మూలలూ వంకరటింకరగా కదిలినా మధ్య బిందువుకు ఏమీ తెలియని స్థితి వస్తుంది; దాన్ని అవర్‌గ్లాస్ అంటారు. దాన్ని అణచడానికి సాఫ్ట్‌వేర్ దొంగ బలం ఒకటి వేస్తుంది. ఆ దొంగ బలం తిన్న శక్తి అసలు లెక్కలో చెప్పుకోదగ్గ శాతానికి చేరితే, వీడియో ఎంత నిజంలా కనిపించినా ఆ ఫలితం చెత్తబుట్టకే. అమెరికాలో వెలువడిన ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ 179వ వెబ్ పత్రం ఈ క్రమశిక్షణను నియమాలుగా రాసింది: మొత్తం శక్తి పది శాతానికి మించి మారకూడదు, పరీక్షలో నమోదైన త్వరణం గీతకూ లెక్కలో వచ్చిన గీతకూ రెండు గీతలను పోల్చే స్ప్రేగ్, గీర్స్ కొలమానంలో తేడా 40 శాతానికి లోపుండాలి. 40 శాతం అంటే ఉదారమే అనిపించవచ్చు. కానీ ఒకే పరీక్షను రెండుసార్లు చేసినా రెండు గీతలు కలవవని గుర్తుంచుకుంటే అది అంత ఉదారం కాదు.

గుద్దుడు ముగిశాక స్తంభం పడాలి, అదీ లెక్కలో భాగమే. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనులో దాదాపు 27 మీటర్లు వెళ్లిపోతుంది. స్తంభం అడుగు ముందుకు ఎగిరి, తల వెనక్కి తిరిగి, కారు దాటిపోయాక నేల మీద పడుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో వచ్చి ఇంకా నెమ్మదించిన కారు సెకనులో అయిదారు మీటర్లే జరుగుతుంది. స్తంభం సరిగ్గా దాని పైకప్పు మీదే పడే అవకాశం ఎక్కువ. మ్యాష్ పైకప్పు నొక్కుడును 100 మిల్లీమీటర్లకు పరిమితం చేసింది. ఈ పతనాన్ని చూడాలంటే 150 మిల్లీసెకన్లు చాలవు, సెకను పైగా కావాలి, అంటే పది లక్షల అడుగులకు మించి. చాలామంది ఇక్కడే రన్ ఆపేస్తారు. ఆపకూడదు, తక్కువ వేగపు పరీక్షలో ప్రయాణికుడికి రెండో గండం అదే.

ఐరోపా ఇదే సమస్యను మరో వైపు నుంచి చూసింది. అక్కడి ఈఎన్ 12767 ప్రమాణం విడిపోవడాన్ని తప్పనిసరి చేయలేదు. స్తంభాన్ని గుద్దిన తర్వాత కారుకు ఎంత వేగం మిగిలిందన్న దాన్ని బట్టి మూడు తరగతులు పెట్టింది. గంటకు 100 కిలోమీటర్లతో గుద్దాక 50 లోపు మిగిలితే ఎక్కువ శక్తిని పీల్చేది, 50 నుంచి 70 అయితే తక్కువ పీల్చేది, 70 దాటితే పీల్చనిది. మొదటి తరగతి స్తంభం విడిపోదు. కారు కింద చదునుగా మడతపడుతూ దాన్ని మెల్లగా ఆపుతుంది. లోపలివారికి కుదుపు ఎక్కువే, కానీ కారు ఆగుతుంది. పక్కన నడకదారి ఉంటే, వెనక చెట్లో లోయో ఉంటే, కారు స్తంభాన్ని విరిచేసి అదే వేగంతో దూసుకెళ్లడం మంచిది కాదు కదా. నగరాల్లో నాకు ఈ ఐరోపా ఆలోచనే సబబుగా అనిపిస్తుంది. దాన్ని సిమ్యులేట్ చేయడం విడిపోయే స్తంభం కన్నా కష్టం; పలుచటి గొట్టం మడతల మీద మడతలు పడుతుంటే ప్రతి మడత తనను తాను తాకుతుంది, ఆ తాకిళ్లన్నీ లెక్కకు రావాలి.

ఇక మన దగ్గరకు వద్దాం. దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. మన ఎనిమిది ముఖాల స్తంభం కింద నాలుగు యాంకర్ బోల్టులు, వాటి కింద సిమెంటు దిమ్మె ఉంటాయి. మన రోడ్ల మీద చాలాచోట్ల ఆ దిమ్మె నేల మీదికి మోకాలెత్తున పొడుచుకుని వస్తుంది. స్తంభం విరిగాక మిగిలే మోడు 100 మిల్లీమీటర్లకు మించకూడదని ఆష్టో నిబంధనలు అంటాయి, కారు అడుగు భాగం దానికి తగులుకోకూడదని. మోకాలెత్తు దిమ్మె మీద ప్రపంచంలోని అతి మంచి స్లిప్ బేస్ పెట్టినా కారు గుద్దేది దిమ్మెనే. నేల వాలును కూడా చూసుకోవాలి. కట్ట దిగుతూ గాలిలో లేచిన కారు స్తంభాన్ని బంపరు ఎత్తున కాక ఇంకా పైన గుద్దుతుంది. అప్పుడు షియర్ తగ్గి మూమెంట్ పెరుగుతుంది, పలక జారక బిగుసుకుపోతుంది.

మరో సంగతి మన స్తంభాలను చూసినవారికే తడుతుంది. నియమావళిలోని స్తంభం ఒంటరిగా నిలబడుతుంది. మన స్తంభానికి కేబుల్ టీవీ తీగల కట్టలు, ఇంటర్నెట్ తీగల చుట్టలు, ఫ్లెక్సీలు ఉంటాయి. ఒక స్తంభాన్ని రెండో స్తంభానికి అవి కట్టి ఉంచుతాయి. కింద పలక జారినా పైన తీగలు లాగి పట్టుకుంటే స్తంభం తిరగదు, కారు మీదికి కూలుతుంది. ఆ తీగలను మోడల్‌లో పెట్టకుండా మన రోడ్డును లెక్కించామని చెప్పడం కుదరదు. స్తంభం లోపలి కరెంటు తీగ సంగతీ అంతే: విడిపోయే స్తంభంలో లాగితే ఊడిపోయే ఫ్యూజు కనెక్టరు అడుగున పెడతారు, లేకపోతే ప్రాణం దక్కిన మనిషి కారు దిగి తెగిన తీగ మీద కాలు పెడతాడు.

పక్కకు జారి తలుపు వైపు నుంచి స్తంభాన్ని తాకే కారు విషయం ఇంకా మిగిలి ఉంది. 2023 అక్టోబరులో మొదలైన మన కార్ల భద్రతా మూల్యాంకన పథకం భారత్ ఎన్‌క్యాప్‌లో కారును గంటకు 29 కిలోమీటర్లతో కదలని స్తంభానికి పక్క నుంచి కొట్టించే పరీక్ష ఉంది. అది కారుకు మార్కులు వేసే పరీక్ష. స్తంభానికి మార్కులు వేసే మ్యాష్‌లో పక్క గుద్దుడు తప్పనిసరి పరీక్ష కాదు. తలుపుకూ మనిషికీ మధ్య జానెడు చోటే ఉంటుంది కనుక పలక జారే లోపే స్తంభం లోపలికి చొచ్చుకు వస్తుంది. ఈ రెండు పరీక్షల మధ్య ఖాళీని పూరించడానికి సిమ్యులేషన్ తప్ప చౌకైన దారి నాకు కనిపించడం లేదు. ఎంటెక్ ప్రాజెక్టు వెతుక్కుంటున్న వారు దీన్ని పరిశీలించవచ్చు.

మీరు రాసి పంపిన ప్రశ్నల్లో ఒకటి మళ్లీ మళ్లీ వచ్చింది: ఈ స్తంభాలు మోటారు సైకిలు మీద వచ్చేవాడిని కాపాడతాయా? కాపాడవు. మనిషితో కలిపి 220 కిలోల బండి గంటకు 40 కిలోమీటర్లతో వస్తే దాని గతిజశక్తి 14 కిలోజౌళ్లలోపే. కారు కోసం మనం వేసిన 22 కిలోజౌళ్ల బడ్జెట్టులో అది మూడింట రెండు వంతులు కూడా కాదు, పైగా స్తంభానికి తగిలేది చాలాసార్లు బండి కాదు, ఒళ్లు. దేశంలో రోడ్డు మరణాల్లో సుమారు 44 శాతం ద్విచక్రవాహనదారులవేనన్నది దృష్టిలో పెట్టుకుంటే నా సలహా ఇది. బండ్లు తిరిగే నగర వీధుల్లో స్తంభాలను రోడ్డుకు దూరంగా జరపండి, పొడవాటి స్తంభాలను ఎడం పెంచి వేసి వాటి సంఖ్యను తగ్గించండి, లేదా బారియర్ వెనక్కి నెట్టండి. విడిపోయే స్తంభాలను ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేని రోడ్లకు, 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి వాటికి పరిశీలించండి. అక్కడ కూడా రెండు దిశల మధ్య డివైడరు మీద కాదు, విరిగిన స్తంభం ఎదురు వరసలో పడుతుంది కనుక బయటి అంచున మాత్రమే.

మొదలు ఎక్కడ పెట్టాలని మరొకరు అడిగారు. పూర్తి కారుతో మొదలుపెట్టకండి. అమెరికా రవాణా శాఖ వారికి వర్జీనియాలోని మెక్లీన్‌లో ఒక లోలకం ఉంది. దాని ముక్కుకు నలిగే అల్యూమినియం తేనెపట్టు దిమ్మెలు తగిలించి, తక్కువ వేగంలో కారు ముందు భాగం బదులు దాన్ని స్తంభానికి కొట్టిస్తారు. ఆ లోలకాన్ని మోడల్ చేయండి. ఎలిమెంట్లు తక్కువ, రన్ మామూలు ల్యాప్‌టాప్ మీదే అవుతుంది. ఈ లోపు మీ కళాశాల గేటు బయటి స్తంభం దగ్గరకు టేపు తీసుకెళ్లి పలక మందం, బోల్టు వ్యాసం, దిమ్మె ఎత్తు కొలిచి రాసుకోండి. ఏ మోడల్‌కైనా మొదట కావలసిన అంకెలు అవే.